బండ మీద పాలకూర

నాగరత్నమ్మకు ఊళ్ళో మంచి పేరు లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసి బాధపడిందీ లేదు.

గుమ్మఘట్ట దగ్గర పుట్టి, శింగనమల చెరువు అవతలి ఊరికి కోడలుగా వచ్చిన మనిషి. మాటలో సగం కన్నడం. కొత్తగా వచ్చిన రోజు వంటింట్లో నిలబడి "అత్తా, సొప్పు యాడుండాది?" అని అడిగితే అత్త, పక్కింటి ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. ఆమె పుట్టింటి వైపు సొప్పు అంటే ఆకుకూర. ఇక్కడ సొప్ప అంటే ఎద్దులకు వేసే జొన్నదంటు. "మీ కోడలికి మేత కావాలంట" అని వీధంతా చెప్పుకున్నారు. నాగరత్నమ్మ అప్పటినుంచీ ఆ ఊరితో పోట్లాడుతూనే ఉంది. కుళాయి దగ్గర, చౌక దుకాణం దగ్గర, కలుపు తీసే చోట, ఎక్కడ నిలబడితే అక్కడ ఒక తగవు. ఆమె నోటిని చివరిదాకా భరించింది ఒక్క మొగుడు ఆదెన్న. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వుకు కూడా ఆమె కసురుకునేది.

ఆదెన్నకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. తమ్ముడు హనుమంతరాయుడు అతన్ని మోటార్‌సైకిల్ మీద కూర్చోబెట్టుకుని అనంతపురం ఆసుపత్రుల చుట్టూ తిప్పాడు. మందులు తెచ్చాడు, మంచం పక్కన కాపలా ఉన్నాడు. అది నిజం. ఆదెన్న పోయాక, దినాలు కాగానే, అదే మాట పెద్దమనుషుల ముందు పెట్టాడు. అన్నను చూసుకుంది నేను కాబట్టి అన్న భాగం నాది అన్నాడు. పిల్లలు లేని ఆడమనిషి చేను పెట్టుకుని ఏం చేసుకుంటుంది అన్నారు పెద్దమనుషులు. చెరువు కింది చేను మొత్తం అతనికి పోయింది. ఆమెకు ఊరి చివర ఒంటిగది ఇల్లు వచ్చింది. ఆ ఇల్లు ఒక పరుపుబండ మీద ఉంది. గడప దిగితే బండ, పెరట్లో బండ, కనుచూపు మేర నల్లటి బండ. గడ్డిపోచ కూడా మొలవని చోటు.

ఆ ఎండాకాలం నాగరత్నమ్మ నాలుగు పగిలిన కుండలు వరసగా పెట్టుకుంది. పాలకూర గింజలు చల్లుకుందామనుకుంది. గంప తీసుకుని, పెళ్ళయినప్పటినుంచీ తాను కలుపు తీసిన చేనికే పోయింది. చేని గట్టును అక్కడ గెనెం అంటారు, ఆ గెనెం పక్కన మన్ను తవ్వి గంప నింపి నెత్తికెత్తుకుంది. హనుమంతరాయుడు ఎదురొచ్చాడు. వెనక కలుపు తీసే కూలీలు ఉన్నారు. వాళ్ళలో అతని భార్య సుబ్బరత్నమ్మా ఉంది.

"యాడికి వదినా ఆ గంప?"

"ఇంటికి."

"ఏముంది దాంట్లో?"

"కండ్లు లేవా? మన్ను."

"ఎవరి మన్ను?"

కూలీల చేతులు ఆగిపోయాయి. మరిది వెటకారమాడుతున్నాడని ఆమె అనుకుంది. తప్పుకుని ముందుకు నడవబోయింది. అతను చెయ్యి చాచి గంపను పక్కకు తోశాడు. మన్నంతా ఆమె భుజం మీదుగా జారి పాదాల మీద పడింది.

"మా అన్న పోయినాడు. ఆయనతోనే నీ చేనూ పోయింది. ఇంగోసారి పిడికెడు ఎత్తినావంటే దొంగతనం కేసు పెడతా."

నాగరత్నమ్మ చీర దులుపుకోలేదు. అతని వైపు కాదు, సుబ్బరత్నమ్మ వైపు చూసింది. తోడికోడలు తల వంచుకుని కలుపు పీకుతున్నట్టు నటిస్తోంది. ఆ వంచిన తల ఆమెను గంప తోసిన చెయ్యి కంటే ఎక్కువ మండించింది.

"పెట్టుకోప్పా," అంది. "నీ మన్ను నువ్వే తిను. నేను సచ్చేదాకా మన్ను ముట్టను. ముట్టకనే నీ చేనికంటే పచ్చగా పండిస్తా. చూస్తా ఉండు."

కూలీలు నవ్వారు. మన్ను లేకుండా ఎలా పండుతుందో ఆ మాట అన్న ఆమెకే తెలియదు.

దారి చూపింది జుబేదాబీ. ఇద్దరూ స్నేహితులేం కాదు. కుళాయి దగ్గర ఒకసారి బిందెలతో కొట్టుకున్నవాళ్ళు. జుబేదాబీ గోపాలయ్య శెట్టి వేరుశనగ మిల్లులో జల్లెడ పడుతుంది. ఆ ప్రాంతంలో వేరుశనగను బుడ్డలంటారు, ఆ మిల్లును బుడ్డల మిషను అంటారు. గంప సంగతి ఊరంతా తెలిసినట్టే ఆమెకూ తెలిసింది. కుళాయి దగ్గర, ఓదార్పు మాట ఏదీ లేకుండా, నీళ్ళు పట్టుకుంటూనే అంది.

"ఊరికే అరుస్తా తిరిగేదెందుకు? మిషను ఎనక బుడ్డల పొట్టు గుట్టలు గుట్టలు ఉండాది. వానకు తడిసి కుళ్ళిన కుప్ప మీద పోయినేడు గుమ్మడి తీగ లేచింది. దానికి మన్ను ఎవరు పోసినారు?"

నాగరత్నమ్మ బిందె ఇంట్లో పెట్టి నేరుగా మిల్లుకు పోయింది.

మొదటిసారి తొందరపడింది. టమాటాల వ్యాపారులు పారేసిన ప్లాస్టిక్ ట్రేలు ఏరుకొచ్చి, లోపల పాత గోనెసంచులు పరిచి, ఎండు పొట్టును అలాగే నింపి గింజలు చల్లింది. పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి కారిపోయాయి. మొలకలు వచ్చాయి గాని రెండాకులు వేయగానే పసుపురంగుకు తిరిగాయి. పచ్చి పొట్టు తాను కుళ్ళడానికే ఉన్న సత్తువంతా లాగేసుకుంటుందనీ, మొక్కకు ఏమీ మిగల్చదనీ ఆమెకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది ఒకటే, హనుమంతరాయుడు పనిగట్టుకుని ఆ దారిన వచ్చి చూశాడని.

"ఏం వదినా, సొప్పుకు కామెర్లు వచ్చినట్టుండాదే. ఆసుపత్రికి తీసకపోతావా?"

ఆమె ఆ ట్రేలు అతని ముందే బోర్లించింది. అతను పోయాక పొట్టునంతా ఒక కుప్పగా పోసి పేడనీళ్ళు చల్లడం మొదలుపెట్టింది. తడిపి, గోనెలు కప్పి, కొన్నాళ్ళకోసారి ముళ్ళపారతో తిరగేసింది. కుప్ప లోపల చెయ్యి పెడితే కాలేది. పొద్దున్నే కుప్పలోంచి ఆవిరి లేచేది. కంపుకు పక్కవాళ్ళు తిట్టారు. ఆమె తిరిగి తిట్టింది. వానాకాలం గడిచేసరికి పొట్టు నల్లబడింది. పిడికిట పట్టి నొక్కితే మెత్తగా, అడవిలో ఆకులు రాలిన చోటు వాసన వచ్చింది. నీళ్ళు మాత్రం ఇంకా నిలవడం లేదు. పుట్టింటి వైపు కొబ్బరి పీచు తీసే చోట పడి ఉండే మెత్తటి పీచు పొట్టు ఆమెకు గుర్తొచ్చింది. బస్సు మీద మూటలు వేయించుకుని తెచ్చింది. అందులో ఉప్పు ఉంటుందని పీచు తీసేవాళ్ళే చెప్పారు. కడిగింది. నీళ్ళు టీ డికాషన్‌లా ఎర్రగా దిగాయి. తేటగా దిగేదాకా కడుగుతూనే ఉంది. రెండూ కలిపి ట్రేలు నింపింది. పాత చీరలు పందిరిలా కట్టి నీడ చేసింది.

బండ కూడా ఆమెకు కలిసొచ్చింది. అది ఒక పక్కకు వాలుగా ఉంది. ట్రేల్లోంచి కారిన నీళ్ళు జారిపోయి చివర ఉన్న గుంతలో నిలిచేవి. చెంబుతో తోడి మళ్ళీ పోసేది. చేలల్లో బోర్లు గాలి కక్కుతున్న రోజుల్లో ఆమె రెండు బిందెల నీళ్ళతో తోటను బతికించింది.

ప్రకృతి వ్యవసాయం పనిమీద ఊళ్ళు తిరిగే సుష్మిత అనే అమ్మాయి ఒకరోజు వచ్చింది. ట్రేలు చూసి సంబరపడిపోయింది. పేడ, ఆవు పంచితం, బెల్లం, శనగపిండి కలిపి జీవామృతం ఎలా పులియబెట్టాలో చెప్పింది.

"చివర్లో గెనెం మీది మన్ను ఒక పిడికెడు వేయల్ల పెద్దమ్మా."

"మన్ను మాట ఎత్తొద్దు."

"మొక్కకు మేలు చేసే సూక్ష్మజీవులు దాంట్లోనే ఉంటాయి. పిడికెడే కదా."

"ఉంటే ఉండనీ. నా ఇంట్లోకి మన్ను రాదు. నీకు చెప్తే అర్థం కాదా?"

సుష్మిత ముఖం మాడ్చుకుని పోయింది. మన్ను వేయని ఆ నీళ్ళు సరిగ్గా పులియలేదు. పోసిన మెంతికూర వేళ్ళు కుళ్ళి, ట్రేలకు ట్రేలు వాలిపోయాయి. తన పంతమే పంటను తినేసిందని నాగరత్నమ్మకు తెలుసు. అయినా చేని వైపు పోలేదు. సుష్మిత మళ్ళీ వచ్చినప్పుడు వాకిట్లోకి కూడా రాకుండా దూరం నుంచే చెప్పింది. "మన్ను వద్దంటే బాగా మాగిన పొట్టు ఎరువే పిడికెడు వేయి. నీతో వాదించే ఓపిక నాకు లేదు పెద్దమ్మా." వేస్తే పులిసింది. నాగరత్నమ్మ ఆ పిల్లకు మంచిమాట ఒక్కటీ చెప్పలేదు. కొత్తిమీర కట్ట ఒకటి ఆమె స్కూటీ బుట్టలో పడేసి లోపలికి పోయింది.

ఎండలు ముదిరేసరికి ఊరికి వచ్చే ఆకుకూర టౌను నుంచి బస్సులో వాడిపోయి వచ్చేది. నాగరత్నమ్మ పాలకూర, చుక్కకూర కోసిన గంటకే గడపల్లోకి చేరేవి. ఆకుకు మట్టి మరక ఉండదు, ఒక్కసారి కడిగితే చాలు. ఆమెను తిట్టుకుంటూనే కొన్నారు. ఆమె కసురుకుంటూనే అమ్మింది.

హనుమంతరాయుడికి అది మింగుడు పడలేదు. టీ బంకు దగ్గర కూర్చుని మాట పుట్టించాడు. "మన్ను తగలని కూరప్పా అది. మిషను చెత్తలో లేచింది. తింటే పేగులు పుండ్లు పడతాయి." ఎవరింట్లోనో ఒకరికి విరేచనాలు పట్టుకున్నాయి. అంతే, ఆడవాళ్ళు కట్టలు తిరిగి తెచ్చి ఆమె గడప ముందు పడేశారు. నాగరత్నమ్మ వాటిలోంచి ఒక కట్ట తీసుకుని టీ బంకు దగ్గరికి నడిచింది. మరిది ఎదురుగా నిలబడి పచ్చి పాలకూర ఆకు ఆకుగా నమిలింది. కట్ట అయిపోయేదాకా అతని ముఖం మీదనుంచి చూపు తిప్పలేదు.

"రేపు పొద్దున బతికే ఉంటా. వచ్చి చూసి పో," అంది.

కొనేవాళ్ళు మెల్లగా తిరిగొచ్చారు. అప్పుడతను మిల్లు మీద పడ్డాడు. పొట్టు కోసం పోయిన నాగరత్నమ్మను గోపాలయ్య శెట్టి గేటు దగ్గరే నిలిపేశాడు.

"పొట్టంతా ఇటుకల బట్టీకి పోతుందమ్మా ఇంక."

"నిన్నటిదాకా పారేస్తాంటివి కదా సెట్టీ."

"హనుమంతరాయుడు బుడ్డలు మన మిషనుకే తెస్తాడు. మీ ఇంటి గొడవలో నన్ను లాగొద్దు."

"నీకు వెన్నెముక ఉండాదా సెట్టీ, లేక దాన్నీ బట్టీకి తోలినావా?"

శెట్టి గేటు వేయించాడు. ఆమె ఇంటికొచ్చి, వాడేసిన ట్రేల్లోని పొట్టును ఎండబోసింది. వేర్లు ఏరేసి, కొంచెం ఎరువు చేర్చి మళ్ళీ నింపింది. రెండో పంటకూ అది పనికొచ్చింది. విత్తనాల కోసం ఇళ్ళల్లో ఆడవాళ్ళు బుడ్డలు వలుచుకునే రోజులు రాగానే గడప గడపకూ పోయి కూర్చుంది. "కూలి వద్దు, పొట్టు ఇయ్యండి చాలు" అంది. వలిచి వలిచి బొటనవేళ్ళు చిట్లాయి. సంచులు నిండాయి.

అసలు దెబ్బ బుడ్డలు పీకే కాలంలో పడింది. నాగరత్నమ్మ కూర అమ్మి మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి బండ మీద ట్రాక్టరు ఉంది. ట్రాలీ నిండా పచ్చి బుడ్డల చెట్లు. చీరల పందిరి కూలిపోయి ఉంది. వరసలో ముందున్న ట్రేలు చక్రాల కింద నలిగిపోయాయి. హనుమంతరాయుడు ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇల్లు నీది వదినా. బండ నీది కాదు. తాతలనాటి నుంచీ ఇది ఊరుమ్మడి కల్లం. బుడ్డలు ఆరబోసుకోవల్ల. నీ చెత్త తీసేయ్."

పెద్దమనుషులు తలలూపారు. ఒకప్పుడు కల్లం చేసిన మాట అబద్ధం కాదు. ఆదెన్న తండ్రి ఇక్కడే బుడ్డలు ఆరబోసేవాడు. కానీ ఇన్నేళ్ళుగా ఎవరూ ఆ వైపు రాలేదు. అందరూ తారురోడ్డు మీదే ఆరబోసుకుంటున్నారు.

నాగరత్నమ్మ నలిగిన పాలకూర వైపు చూసింది. కోతకు వచ్చిన ఆకు, బండకు అంటుకుపోయి ఉంది. ఏడుపు రాలేదు. ఇంటి నీడలో పులుస్తున్న జీవామృతం బకెట్టు రెండు చేతులా ఎత్తి మరిది మీద కుమ్మరించింది. పేడ, పంచితం అతని నెత్తి మీదనుంచి తెల్లచొక్కా మీదికి కారాయి. అతను కొట్టడానికి దూకాడు. పెద్దమనుషులు అడ్డం పడ్డారు.

"పోలీసులను పిలుస్తా! నిన్ను ఊళ్ళో ఉండనీయను!"

"పిల్చుకో. వాసన చూసి వాళ్ళే పారిపోతారు."

పెద్దమనుషులు తీర్పు చెప్పారు. సాయంత్రానికల్లా బండ ఖాళీ చేయాలి. హనుమంతరాయుడు ముఖం తుడుచుకుంటూ, అంత కంపులోనూ నవ్వాడు. "యాడికి మోసుకపోతావో చూస్తా."

ఆమె వంగి ఒక ట్రే ఎత్తింది. నిండా తడిసి, నిండా చుక్కకూర ఉన్న ట్రే. చంకలో బిందె పెట్టుకున్నంత తేలిగ్గా లేచింది. తడి మన్నయితే ఆ వయసులో ఒక్కటి కూడా కదిలేది కాదు. చేను ఉన్నచోటే ఉంటుంది, మనిషిని తోసేసినవాడిదే అవుతుంది. ఇది తనతో వస్తుంది. ఆ సంగతి ట్రే చేతుల్లోకి వచ్చినప్పుడు గాని ఆమెకు తట్టలేదు. మోసుకుంటూ వీధిలోకి నడిచింది.

మలుపు దగ్గర జుబేదాబీ ఎదురొచ్చింది. వెనక ఆమె మొగుడు దాదా ఖలందర్ లగేజీ ఆటో ఉంది. గొడవ సంగతి అప్పటికే వీధి దాటిపోయింది.

"మా మిద్దె ఖాళీగా ఉండాది. పెట్టుకో," అంది జుబేదాబీ. "నీళ్ళు కారి గోడలు చెమ్మెక్కినాయో, నిన్నూ నీ పొట్టునూ కలిపి కిందికి తోస్తా."

"తోయి చూద్దాం," అంది నాగరత్నమ్మ. ట్రే ఆటోలో పెట్టింది.

ఆటో ఎన్నిసార్లు తిరిగిందో ఎవరూ లెక్క పెట్టలేదు. హనుమంతరాయుడు కంపుకొడుతూ బండ మీదే నిలబడి చివరి ట్రే పోయేదాకా చూశాడు. ఆ తర్వాత అతని బుడ్డలు అక్కడే ఆరాయి. మరుసటి ఏడు అతను కూడా తారురోడ్డు మీదే ఆరబోసుకున్నాడు.

మిద్దె మీద బతుకు సుఖంగా ఏమీ లేదు. జుబేదాబీతో రోజూ తగవే. నీళ్ళు కారాయని ఒకరోజు, మెట్ల మీద పేడ పడిందని ఒకరోజు. నాగరత్నమ్మ ట్రేల కింద పాత రేకులు వాలుగా పరిచి, కారిన నీళ్ళు డబ్బాలో పడేలా చేసుకుంది. తగవు అప్పటికీ ఆగలేదు, కొత్త కారణం దొరికింది. దాదా ఖలందర్ ఇద్దరి మధ్యా దూరక, పాలకూర పప్పు తిని ఆటో తీసుకుని పోయేవాడు.

ఒక ఉదయం మెట్లెక్కి సుబ్బరత్నమ్మ వచ్చింది. మనిషి పాలిపోయి ఉంది. పైకి వచ్చేసరికి ఆయాసంతో గోడ పట్టుకుంది.

"అక్కా, నాకు రక్తం లేదంట. ఆకుకూర తినమన్నారు డాక్టరమ్మ."

నాగరత్నమ్మ చేతిలోని కత్తెర ఆగింది. ఆ రోజు చేలో వంచిన తల ఇప్పుడు ఆమె ఎదుటే ఉంది. "మీ చేను ఉండాది కదా. మీ మన్ను ఉండాది కదా. తినుపో," అంది.

"ఆయప్పకు తెలీకుండా వచ్చినా."

"తెలిసి రా. దొంగచాటుగా వస్తే నేను ఇయ్యను."

సుబ్బరత్నమ్మ కదలలేదు. కిందినుంచి జుబేదాబీ అరిచింది. "మనిషి తెల్లగా పాలిపోయి ఉంటే ఇయ్యనంటావా? ఇంటిదాన్ని నేను చెప్తాండా, ఇయ్యి!"

నాగరత్నమ్మ తోడికోడలి కళ్ళకింద చూసింది. గోళ్ళ వైపు చూసింది. ఆదెన్న చివరి రోజుల్లో అతని గోళ్ళు కూడా ఇలాగే తెల్లబడ్డాయి. కోపం తగ్గలేదు. అయినా నోటికి వచ్చిన మాట వేరేది.

"ఊరికే ఇచ్చేది లేదు. ఆ పీచు పొట్టు కడుగు. కూర్చోనే కడుగు, నిలబడొద్దు."

సుబ్బరత్నమ్మ కూర్చుని కడిగింది. పోయేటప్పుడు నాగరత్నమ్మ రెండు కట్టలు ఆమె ఒళ్ళో పడేసింది. మరునాడూ వచ్చింది. ఆ మరునాడూ వచ్చింది. ఎన్నాళ్ళయినా వాళ్ళ మధ్య మంచిమాట పుట్టలేదు. కానీ మెట్లెక్కేటప్పుడు సుబ్బరత్నమ్మ గోడ పట్టుకోవడం ఒకనాటికి మానేసింది.

హనుమంతరాయుడికి తెలిసే రోజు రానే వచ్చింది. వీధిలో నిలబడి పైకి చూస్తూ కేకలేశాడు.

"ఏయ్! సిగ్గుండాదా నీకు? దాని మిద్దె మీద కూలికి కూర్చున్నావా? దిగు కిందికి!"

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. జుబేదాబీ గడపలోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నాగరత్నమ్మ నోరు తెరవబోయింది. ఆమె మాట పైకి రాకముందే సుబ్బరత్నమ్మ గొంతు వినిపించింది. కూర్చున్నచోటు నుంచి లేవకుండానే అంది.

"సంగటి చేసి పెట్టినా. ఏసుకోని తిను. నాకు పనుండాది."

హనుమంతరాయుడు అటూ ఇటూ చూశాడు. గడపల్లో ఆడవాళ్ళు ఎవరూ నవ్వలేదు, లోపలికీ పోలేదు. అతను వెనక్కి తిరిగి నడిచాడు.

సుబ్బరత్నమ్మ చేతులు మళ్ళీ పీచు పొట్టులోకి పోయాయి. నాగరత్నమ్మ చూసింది. మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. బేసిన్‌లోకి తొంగి చూసి, "ఇంకా ఎర్రగానే ఉండాయి నీళ్ళు," అంది. "పారబోసి ఇంగోసారి కడుగు."